చిన్నోడు ఎస్ నొక్కాడు



పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి. పాత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళకీ, ఇంట్లోనో హాస్టల్లోనో చూపు లేని తమ్ముడో చెల్లో ఉన్నవాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నాం.

మేం నలుగురం. ఒకే మండలం, పాడేరులో ఒకే హాస్టల్. మాలో చిన్నోడికి పుట్టుకతోనే చూపు లేదు. (పేరు రాయొద్దన్నాడు, 'చిన్నోడు' అని రాస్తే చాలన్నాడు.) పదో తరగతి దాకా వైజాగ్‌లో చూపు లేని పిల్లల స్కూల్లో చదివాడు, కంప్యూటర్ అక్కడే నేర్చుకున్నాడు. కీబోర్డు మీద వాడి వేళ్ళు నడిచినంత వేగంగా మా ముగ్గురివీ నడవవు. డిగ్రీలో చేరినప్పుడు ఒకాయన వాడిన ల్యాప్‌టాప్ ఒకటి ఇచ్చారు. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్కు. అందులో విండోస్ ఉండేది, దానిమీద ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ వేసుకుని నడిపించేవాడు. తెర మీద ఉన్నది అది చదివి వినిపిస్తుంది. చాలా మంచి సాఫ్ట్‌వేర్, దాన్ని తక్కువ చేయడం లేదు.

తంటా అంతా విండోస్‌తోనే. ఎవరెవరి పెన్‌డ్రైవో పెట్టడం, వైరస్ రావడం, టౌన్‌లో షాపుకి తీసుకెళ్ళడం. రెండుసార్లు ఫార్మాట్ చేయించాం. రెండోసారి షాపులో డబ్బులు తీసుకుని, ఎన్‌వీడీఏ లేకుండా ఉత్త విండోస్ వేసి ఇచ్చేశారు. అన్నీ పని చేస్తున్నాయి, చూసుకోండి అన్నారు. చూసుకోవడం ఎవరికి? హాస్టల్‌కొచ్చి ఆన్ చేస్తే మూగగా కూర్చుంది. మాలో ఒకరు తెర చూసి చెప్తుంటే, నెట్ దొరికాక మళ్ళీ ఎన్‌వీడీఏ వేసుకునేసరికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ చిన్నోడు దానిమీద మాట్లాడలేదు. ఐదో రోజు మాత్రం ఒక మాటన్నాడు: "నా బండి నేనే విప్పి, నేనే బిగించుకోవాలిరా."

స్కూల్లో ఉన్నప్పుడు సీనియర్ ఒకాయన చెప్పాడంట, డెబియన్ అనే లైనక్స్‌ని మాట వింటూ వేసుకోవచ్చని. అంటే వేసుకున్నాక మాట్లాడడం కాదు, వేస్తున్నప్పుడే అది మాట్లాడుతుంది. నెట్ కూడా అక్కర్లేదు. మాకు సగం నమ్మకమే ఉంది. సంక్రాంతి సెలవుల్లో ఊళ్ళో చూద్దాం అనుకున్నాం. మా ఊళ్ళో సిగ్నల్ కావాలంటే గట్టెక్కాలి, కాబట్టి తెచ్చుకోవాల్సిందంతా ముందే తెచ్చుకోవాలి.

మాలో ఒకరు వైజాగ్ వెళ్ళినప్పుడు డెబియన్ 12 మొదటి డీవీడీ ఫైలు దింపుకొచ్చారు. ఇక్కడ ఒక జాగ్రత్త. నెట్‌ఇన్‌స్ట్ అని చిన్న ఫైలు కూడా ఉంటుంది, దాన్ని దింపితే మిగతా సామానంతా నెట్‌లోంచి లాగాలి. నెట్ లేని ఊరికి డీవీడీ ఫైలే కావాలి, దాదాపు 4 జీబీ. దింపాక ఫైలు సరిగ్గా వచ్చిందో లేదో షా-512 సంఖ్యతో సరిచూశాం. ఆ పొడవాటి సంఖ్యలో ఒక్క అక్షరం తేడా వచ్చినా మళ్ళీ దింపాల్సిందే. తర్వాత రూఫస్‌తో 16 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. మామూలుగా కాపీ చేసి పెడితే బూట్ అవ్వదు.

ఊళ్ళో మొదటి రోజు పొద్దున్నే కరెంటు ఉంది. ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ నలభై నిమిషాలు కూడా ఆగదు, అందుకే కరెంటు ఉండగానే మొదలుపెట్టాం. ఎఫ్12 నొక్కి పెన్‌డ్రైవ్‌ని ఎంచుకునే దగ్గర మాత్రం మా కళ్ళు కావాల్సొచ్చింది. ఆ మెనూ మాట్లాడదు. కంపెనీవాళ్ళు అక్కడ కూడా ఒక గొంతు పెట్టి ఉంటే ఏం పోయేదో! చిన్నోడు ఎన్నిసార్లు కింది బాణం నొక్కాలో అడిగి గుర్తుపెట్టుకున్నాడు, మళ్ళీసారి మమ్మల్ని అడగక్కర్లేకుండా.

రెండు బీప్‌లు వినిపించాయి. కొత్త యూఈఎఫ్ఐ రకం మెషీన్ అయితే రెండు, పాత బయోస్ అయితే ఒకటి. బీప్ వచ్చిందంటే మెనూ సిద్ధంగా ఉన్నట్టు. అప్పుడు ఎస్ నొక్కి ఎంటర్ కొట్టాలి. ఏమీ నొక్కకుండా ఊరుకున్నా కాసేపటికి అదే మాట్లాడే ఇన్‌స్టాలర్‌లోకి వెళ్తుంది. చిన్నోడు ఎస్ నొక్కాడు, ఎంటర్ కొట్టాడు.

నిశ్శబ్దం.

అయిపోయిందిరా, పని చేయలేదు అని మాలో ఒకరు పెన్‌డ్రైవ్ పీకబోయారు. చిన్నోడు చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇంతలో స్పీకర్‌లోంచి ఇంగ్లీషులో గరగర గొంతు. సంగతేంటంటే, ఆ ల్యాప్‌టాప్‌లో సౌండ్ కార్డులు రెండున్నాయి. ఒకటి టీవీకి వెళ్ళే హెచ్‌డీఎంఐది, రెండోది స్పీకర్లది. ఇన్‌స్టాలర్ ఒక్కోదాంట్లో మాట్లాడి చూస్తుంది, మాట వినిపించినప్పుడు మనం ఎంటర్ కొట్టాలి. మొదటిసారి అది హెచ్‌డీఎంఐలోకి మాట్లాడుకుంది, వినడానికి అక్కడ ఎవరూ లేరు. మీకూ ఇలా అయితే కంగారుపడకుండా కాసేపు ఆగండి.

అక్కడినుంచి అది ప్రశ్నలు అడుగుతుంది, మనం జవాబు చెప్తాం, అంతే. జాబితా చదువుతుంది, ఒక్కోదానికి ఒక్కో నంబరు. కావాల్సిన నంబరు టైపు చేసి ఎంటర్. అది ముందే అనుకున్న జవాబు సరిపోతే ఉత్త ఎంటర్ చాలు. వెనక్కి వెళ్ళాలంటే లెస్-దాన్ గుర్తు. మొదట్లో గొంతు నెమ్మదిగా సాగదీస్తుంటే చిన్నోడు క్యాప్స్‌లాక్ పట్టుకుని 6 నొక్కాడు, ఇంకోసారి, ఇంకోసారి. (5 నొక్కితే మళ్ళీ నెమ్మదిస్తుంది. 2 నొక్కితే గొంతు పెరుగుతుంది, 1 నొక్కితే తగ్గుతుంది.) చివరికి ఆ వేగానికి మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తెర మీద అక్షరాలు చదువుతూ వాడి వెనకాల పరిగెత్తాం. "అరే, ఏమంది? ఏమంది?" అని మేం అడగడం, "ఏం లేదు, కీబోర్డు ఏ దేశందని" అని వాడు చెప్పడం. కళ్ళున్న ముగ్గురం అలా తయారయ్యాం.

నిజం చెప్పాలంటే ఆ రోజు మాకు చేతులు ఊరుకోలేదు. తెర మీద జవాబు కనిపిస్తుంటే వాడు వినేదాకా ఆగడం చాలా కష్టం. నెట్‌వర్క్ ప్రశ్న దగ్గర మాలో ఒకరు గబుక్కున వంగి ఎంటర్ కొట్టేశారు. తప్పు జవాబు పడింది. లేని నెట్ కోసం అది వెతుక్కుంటూ కూర్చుంది. చిన్నోడు ఏమీ తిట్టలేదు. వెనక్కి వచ్చి, ఇప్పుడు నెట్‌వర్క్ పెట్టొద్దు అనే నంబరు విని, అదే కొట్టాడు. తర్వాత ల్యాప్‌టాప్‌ని ఒళ్ళోకి లాక్కుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

డిస్కు దగ్గరికొచ్చింది. మొత్తం డిస్కు వాడుకో అనేది ఎంచుకున్నాడు. ఏ డిస్కో సైజు విని గుర్తుపట్టాలి: 500 జీబీ అంటే ల్యాప్‌టాప్‌ది, 16 అంటే మన పెన్‌డ్రైవ్. అన్నీ అయ్యాక చివరి ప్రశ్న: ఈ మార్పులు డిస్కు మీద రాసేయనా? ఇక్కడ ఉత్త ఎంటర్ కొడితే వద్దు అనే అర్థం. అవును అని మనమే చెప్పాలి. చెప్పేదాకా పాతది ఏదీ చెరగదు.

చిన్నోడు అక్కడ ఆగాడు. "నా క్లాసు రికార్డింగులు కాపీ చేశారా?"

చేశాం అన్నాం. ముందురోజు రాత్రే డి డ్రైవ్ మొత్తం, డెస్క్‌టాప్ మొత్తం ఇంకో పెన్‌డ్రైవ్‌లో వేశాం.

"ఒకటి వినిపించండి."

మాకు కొంచెం కోపం కూడా వచ్చింది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు, ఇప్పుడు పరీక్షలేంటి అని. అయినా పెన్‌డ్రైవ్‌ని ఫోన్‌కి తగిలించి వెతికాం. పాటలున్నాయి, సినిమాలున్నాయి, స్కాలర్‌షిప్ కాగితాలున్నాయి. రికార్డింగులు లేవు. విండోస్ రికార్డర్ వాటిని సి డ్రైవ్‌లో, డాక్యుమెంట్స్ లోపల వేరే ఫోల్డర్‌లో దాస్తుందని మాకు తట్టలేదు. మూడు సెమిస్టర్ల క్లాసులు అవి. చిన్నోడికి పుస్తకం అంటే అవే, బ్రెయిలీలో మా సబ్జెక్టుల పుస్తకాలు వాడికి ఎవరూ ఇవ్వలేదు. పరీక్షలు మార్చిలో.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. వాడే పవర్ బటన్ పట్టుకుని ఆపేశాడు. విండోస్ తెరిచి, తనే వెతుక్కుని, తనే కాపీ చేసి, ఫోన్‌లో నాలుగైదు ఫైళ్ళు పెట్టి విన్నాడు. ఆ పూట కరెంటు పోయింది. మర్నాడు మధ్యాహ్నం వచ్చింది.

రెండోసారి మేం అరుగు మీద కూర్చున్నాం, వాడు లోపల ఒక్కడే. ఎఫ్12 మెనూ కూడా బాణాలు లెక్కపెట్టుకుని తనే దాటాడు. గంట పైన పట్టింది. మధ్యలో ఇంకో డీవీడీ ఉందా అంటుంది, లేదు అనాలి. నెట్‌లోంచి తెచ్చుకోనా అంటుంది, వద్దు అనాలి. డెస్క్‌టాప్ ఏది కావాలంటే ముందే ఎంచి ఉన్నదాన్ని అలాగే వదిలేశాడు, గ్నోమ్ వచ్చింది. దాంతోపాటే లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్ కూడా వచ్చాయి. మాట వింటూ ఇన్‌స్టాల్ చేస్తే, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా మెషీన్‌లోకి దానంతటదే ఎక్కుతుంది. గ్నోమ్‌లో దాని పేరు ఓర్కా. ఎప్పుడైనా మూగబోతే ఆల్ట్, విండోస్ మీట, ఎస్ మూడూ కలిపి నొక్కితే మళ్ళీ మాట్లాడుతుంది.

లోపలినుంచి "స్క్రీన్ రీడర్ ఆన్" అని వినిపించింది. మేం లేచి వెళ్ళేలోపే చిన్నోడు సెట్టింగుల్లో తెలుగు గొంతు పెట్టేశాడు. ఈస్పీక్ అంటారు దాన్ని, తెలుగు అందులో ముందే ఉంది, నెట్ అక్కర్లేదు. అందంగా ఏం ఉండదు, జలుబు చేసినోడు రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టుంటుంది. తెలుగు లిపిలో మా కువి మాటలు కొన్ని టైపు చేసి చదివించాడు. చదివింది గానీ యాస ఎటో పోయింది. వాళ్ళ అమ్మమ్మ గుమ్మంలోంచి విని, వీడెవడు, ఏ ఊరోడు అని కువిలో అడిగింది. నవ్వాపుకోలేకపోయాం. ఈస్పీక్‌లో కువి లేదు. కానీ దాంట్లో భాషలు ధ్వనుల నియమాలు రాసి చేర్చేవే, ఎవరైనా రాయొచ్చు. చిన్నోడు ఇప్పుడు దాని మీద పడ్డాడు. మాకు ఆ పని ఇంకా అంతుపట్టలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి, దాచం. 4 జీబీ ర్యామ్‌తో గ్నోమ్ కాస్త బరువుగానే నడుస్తుంది. ఎన్‌వీడీఏ అలవాటైనవాళ్ళకి ఓర్కా మీటలు కొన్నాళ్ళు తికమకే. విండోస్‌లో మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్ మీ కోర్సులో ఉంటే ముందు ఆలోచించుకోండి. డిస్కు ప్రశ్నకి అవును అనేముందు మీ ఫైళ్ళు మీరే తెరిచి చూసుకోండి, చూపు లేనివాళ్ళు విని చూసుకోండి. మాలాంటోళ్ళు చేశాం అంటే నమ్మకండి.

ఆ 16 జీబీ పెన్‌డ్రైవ్ ఇప్పుడు మా హాస్టల్లో ఉంది. పాడేరు సంతరోజు వచ్చేవాళ్ళు ముందురోజు ఒక మెసేజ్ పెడితే తెచ్చిస్తాం. ఎలా వేయాలో చిన్నోడు చెప్తాడు, కానీ మీ కీబోర్డు మీద చెయ్యి వేయడంట. మమ్మల్నీ వేయనివ్వడంట.