బ్యాకప్పు ఉందిగా, భయమేంటి?

సర్వరు అనగానే ఏసీ గదిలో గుయ్యిమనే యంత్రం అనుకునేరు. మాది ఓ పాత డెస్క్‌టాపు. డెబియన్ వేసి హాల్లో టీవీ వెనక్కి తోసా. ఇంటిల్లిపాది ఫోటోలు, కాగితాల స్కాన్లు, అన్నిటికన్నా ముఖ్యంగా నాన్న గొంతు అందులోనే. ఆయన పోయేముందు ఏడాదిపాటు, ఊరెళ్ళినప్పుడల్లా కూర్చోబెట్టి చిన్ననాటి కబుర్లు చెప్పించి రికార్డు చేసా. మొత్తం 43 ఫైళ్ళు.

బ్యాకప్పు లేదా అంటారా? భేషుగ్గా ఉంది! రోజూ రాత్రి 2 గంటలకి క్రాన్ లేచి, డేటా డిస్కుని ఆర్‌సింక్‌తో రెండో డిస్కులోకి కాపీ చేసేది. ఇక్కడ చెరిపినవి అక్కడా చెరిగిపోవాలని డిలీట్ ఆప్షను కూడా తగిలించా. ఇన్నేళ్ళుగా ఆఫీసులో చేస్తున్న పనే కదా, నాకొకరు చెప్పాలా అని ధీమా.

ఓ రాత్రి కరెంటు పోయి వచ్చింది. ముసలి డేటా డిస్కు మౌంటవలేదు. అది లేకపోయినా బూటవ్వమని ఎఫ్‌స్టాబ్‌లో నోఫెయిల్ రాసింది నేనే కాబట్టి సర్వరు నిక్షేపంగా లేచింది. డిస్కు ఉండాల్సిన చోట ఖాళీ డైరెక్టరీ! 2 గంటలకి ఆర్‌సింక్ వచ్చి చూసి, "ఓహో, అయ్యగారు అన్నీ చెరిపేశారన్నమాట" అనుకుని రెండో డిస్కునీ శుభ్రంగా ఊడ్చేసింది. దాన్ననేం లాభం, చెప్పిన పనే చేసింది. రెండు డిస్కులు రెయిడ్‌లో ఉన్నా చెరిపినవి రెండింట్లోనూ చెరిగేవే.

అదృష్టం కొద్దీ ఒక్క తెలివైన పని చేసా. పాడైన డిస్కు మీద నేరుగా ఎఫ్‌ఎస్‌సీకే నడపలేదు. కొత్త డిస్కు కొనుక్కొచ్చి డీడీరెస్క్యూతో ముందు మొత్తం కాపీ తీసా. అది బాగున్న భాగాల్ని ముందు లాగేసి, మొండికేసిన సెక్టార్ల దగ్గరికి తర్వాత వస్తుంది. ఎంతవరకూ వచ్చిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపినా మళ్ళీ అక్కణ్ణుంచే మొదలు. ప్రయోగాలన్నీ ఆ కాపీ మీదే. ఫైల్ సిస్టం నుంచి రానివాటిని ఫోటోరెక్ తవ్వి తీసింది. పేరుకి ఫోటోరెక్ గానీ ఆడియో కూడా తీస్తుంది. కాకపోతే పేర్లుండవు, అన్నీ అంకెలే. అమ్మ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒక్కోటీ విని, "ఇది గోదావరి వరద గురించి, ఇది మీ మేనత్త పెళ్ళి" అని చెప్తుంటే నేను పేర్లు పెట్టా.

38 దొరికాయి. దొరకని అయిదింట్లో ఏముందో నాకు గుర్తులేదు.

పెద్దవాళ్ళకీ ఇది తప్పలేదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఓ ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసు డైరెక్టరీనే చెరిపేశాడు. చూస్తే రోజువారీ డంపు వెర్షను తేడా వల్ల ఫెయిలవుతోంది, ఆ సంగతి చెప్పే మెయిళ్ళు ఎవరికీ చేరట్లేదు. దాదాపు 6 గంటల ముందు వేరే పనికోసం చేత్తో తీసిన స్నాప్‌షాట్ వాళ్ళని కాపాడింది. ఆ 6 గంటల డేటా మాత్రం పోయింది.

చేతులు కాలాక నేను పట్టుకున్న ఆకులివి. డిస్కు మౌంటయ్యిందో లేదో చూడకుండా స్క్రిప్టు ఇప్పుడు అడుగు ముందుకెయ్యదు. ఆర్‌సింక్ బదులు రెస్టిక్ పెట్టా, పాత స్నాప్‌షాట్లు ఉంటాయి కాబట్టి నిన్న పోయింది మొన్నటి దాంట్లో దొరుకుతుంది. ఇంకో కాపీ తమ్ముడింట్లో ఉంది. దాని పాస్‌వర్డు కాగితం మీద రాసి అమ్మ బీరువాలో పెట్టా, సర్వర్లోనే దాస్తే ఏం ఉపయోగం?

అన్నిటికన్నా ముఖ్యం, నెలకోసారి ఏదో ఒక ఫైలుని బ్యాకప్పు నుంచి వెనక్కి తెచ్చి చూస్తా. నాకైతే అది నాన్న మాట్లాడిన ఫైలే. విని చూసుకున్నదాకా అది బ్యాకప్పు కాదు, ఉందనుకోవడం మాత్రమే. మీ క్రాన్ జాబులు కూడా రోజూ "సక్సెస్" అనే అంటున్నాయి కదూ? ఈ ఆదివారం ఒక్క ఫైలు వెనక్కి తెచ్చి చూడండి.