కూకోనివ్వని కొలువు

మా పేటకి కుర్చీ ఆలస్యంగా వచ్చింది. మా అయ్య ఏ రైతు వాకిట్లోకెళ్ళినా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. 'కూకో' అన్నవాడు లేడు. నేను బీఎడ్ చదివి సర్కారు బడిలో టీచరయ్యాకే మా వంశంలో ఒక మనిషికి జీతంతో పాటు కుర్చీ దొరికింది. అది అంబేద్కర్ ఇప్పించిన కుర్చీ. ఆ మాట చెప్పుకోడానికి నాకు సిగ్గు లేదు.

నా వెనకొచ్చిన వాళ్ళకి ఆ దారి ఇరుకైంది. 2018 డీఎస్సీ తర్వాత మళ్ళీ టీచర్ల నియామకాలకి 2025 దాకా ఆగాల్సొచ్చింది. చెరుకు సాగు తగ్గి కోత కూలీ తగ్గింది. మాకవరపాలెం చుట్టుపక్కల డిగ్రీ చదివిన మా ఆడపిల్లలు పట్టాలు ట్రంకుపెట్టెలో పెట్టి విశాఖ బట్టల షాపులకెళ్ళారు.

మా అన్న కూతురు కూడా అలాగే వెళ్ళింది. పొద్దున పదింటికి ఎక్కితే రాత్రి తొమ్మిదిన్నర దాకా కాళ్ళ మీదే. బేరం లేనప్పుడైనా కూకోకూడదు. గోడకి ఆనుకుంటే కెమెరాలో చూసి కేకేస్తారు. బాత్రూముకి మాటిమాటికీ వెళ్ళనివ్వరని నీళ్ళు తాగడం మానేసింది. పండగల్లో వారం సెలవు లేదు. జీతం 11,000 రూపాయలు. హాస్టలుకి 5,000. తను రోజూ విప్పి చూపించే పెళ్ళి చీర ఒకదాని ఖరీదు తన మూణ్ణెల్ల జీతం.

"సీర మడత నలక్కూడదంట అత్తా, మన కాళ్ళు ఏటైపోయినా పర్నేదంట" అంది నవ్వుతూనే.

దీనికి సేవారంగం అని పేరు. సేవ అనే మాట మాకు కొత్త కాదు. శూద్రుడికి మనువు రాసిన పని సేవ ఒక్కటే. ఆ వరుసలో కూడా చోటివ్వక ఊరి బయట పెట్టిన వాళ్ళం మేం. వెట్టి పేరు మారి సర్వీసు అయిందా అని అడిగే హక్కు మాకుంది.

దేశ ఆదాయంలో సగానికి పైగా సేవారంగానిదేనని గొప్పగా చెప్తారు. పనిచేసే జనంలో అందులో ఉన్నది సుమారు మూడోవంతు. మరి అందరికీ బాగా ముట్టాలి కదా? సాఫ్ట్‌వేరూ బ్యాంకులూ పై అంతస్తు. కౌంటర్లూ డెలివరీ బండ్లూ సెక్యూరిటీ గేట్లూ కింది అంతస్తు. ఆ కింద ఎవరి పిల్లలున్నారో కులం వారీగా లెక్క తియ్యండి.

ఈ బతుకు ఎన్నాళ్ళు సాగుతుంది? కోత కూలి అందిన వారం మా ఊరి కిరాణా కొట్టు కళకళలాడేది. అందని వారం కొట్టువాడు ఈగలు తోలుకునేవాడు. అమ్మేవాళ్ళకి కొనే సత్తా లేకపోతే పెద్ద షాపుకైనా అదే గతి. పైగా రెండు మూడేళ్ళకి పిక్కల్లో నరాలు ఉబ్బి, నడుం పట్టేసి పిల్లలు ఇంటికొచ్చేస్తున్నారు. మందుల ఖర్చు షాపుది కాదు, మాది. బోర్డు మీద రాసే డిస్కౌంటులో కొంత మా పేటే కడుతోందన్నమాట.

చట్టం తెలీని వాళ్ళెవరూ లేరు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూసిన అంబేద్కర్ హయాంలోనే ఫ్యాక్టరీల్లో వారానికి 48 గంటల పని వచ్చింది, కనీస వేతనాల బిల్లు సభ ముందుకొచ్చింది. నిలబడి పనిచేసే వాళ్ళకి కూర్చునే వసతి ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. షాపు పిల్లలకి ఆ మాట రావడానికి కేరళలో 2018 దాకా పట్టింది. అదీ ఎవరో దయతో ఇచ్చింది కాదు. కోజికోడ్ మిఠాయి తెరువులో పి. విజి, పెన్‌కూట్టు సంఘం ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడి తెచ్చుకున్నారు. 2021లో తమిళనాడు కూడా చట్టం సవరించింది. మన రాష్ట్రంలో మాత్రం 1988 షాపుల చట్టంలోని 8 గంటల రోజుపనిని 2025లో 10 గంటలకి పెంచారు. వారానికి 48 గంటలే అన్నది అలాగే ఉందంటారు. ఆ 48 లెక్కపెట్టేదెవరు?

పేటలో సంఘం పెట్టినట్టే షాపుల్లోనూ సంఘం పెట్టాలి. చదువుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, పండక్కి బట్టలు కొనడానికెళ్ళినప్పుడు చీర ధరతో పాటు చూపించే పిల్ల జీతమెంతో, కూకోడానికి స్టూలుందో లేదో గట్టిగా అడగండి. యజమానికి వినపడేలా అడగండి.