అయిదు వాట్లు, రెండు రగ్గులు

గ్రూపులో చలి ఫోటోలు బాగా వస్తున్నాయి. లంబసింగి మంచు, వలిసె పూలు, నెగడు దగ్గర సెల్ఫీలు. మా దగ్గర ఫోటో లేదు గానీ ఒక ముచ్చట ఉంది. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మేము పాడేరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ముగ్గురం. మా పిచ్చి హ్యామ్ రేడియో. ఎఫ్‌ఎం కాదు, ఇందులో పాటలు రావు. పరీక్ష రాసి ప్రభుత్వ లైసెన్స్ తీసుకుని, సొంత సెట్టుతో ఎక్కడో ఉన్న ఇంకో లైసెన్స్‌దారుతో మాట్లాడటం. టవర్ అక్కర్లేదు, సిమ్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు. మాలో ఇద్దరికి లైసెన్స్ వచ్చింది. మూడోవాడు ఇంకా పరీక్ష రాయాలి. అందాకా వాడు వింటాడు, లాగ్ పుస్తకం రాస్తాడు, టీ తెస్తాడు.

మా సెట్టు ఒక సీనియర్ హ్యామ్ వాడి ఇచ్చిన బిట్‌ఎక్స్. దాని డిజైన్ మన హైదరాబాద్ అష్హర్ ఫర్హాన్ గారిది. ఆ డిజైన్ చూసి చాలా దేశాల వాళ్లు సొంతంగా సెట్లు కట్టుకున్నారు. మా బ్యాటరీతో అది పంపే పవర్ సుమారు 5 వాట్లు. హాస్టల్ గదిలో ఎల్‌ఈడీ బల్బే 9 వాట్లు! ఇంత తక్కువ పవర్‌తో మాట్లాడటాన్ని క్యూఆర్‌పీ అంటారు. కొందరికి అది సరదా. మాకు మాత్రం ఉన్నదే అంత.

యాంటెన్నా అంటే ఏదో పెద్ద టవర్ అనుకోకండి. రెండు రాగి తీగలు, ఒక్కోటి 10 మీటర్లు. మధ్యలో పీవీసీ పైపు ముక్క, అక్కణ్ణుంచి కిందికి టీవీ కేబుల్. ఒక కొస నీళ్ల ట్యాంకు పైపుకి, ఇంకో కొస సిల్వర్ ఓక్ చెట్టుకి కట్టాం. చెట్టు మీదికి తాడు ఎలా పంపామంటే ఉండేలుతో. చిన్నప్పటి విద్య ఇన్నాళ్లకి చదువుకి పనికొచ్చింది. వార్డెన్ సార్ చూసి "ఏట్రా ఈ తీగలు? పిడుగు పడితే ఎవడ్రా బాధ్యత?" అన్నారు. మబ్బు పడితే దింపేస్తామని రాసిచ్చాక ఒప్పుకున్నారు.

చలికాలం మాకు పండగ. ఉరుముల కాలంలో రేడియోలో చిటపటలు ఎక్కువ, మాలాంటి సన్న గొంతు అందులో కలిసిపోతుంది. చలికాలంలో ఆ గోల తగ్గుతుంది. పొద్దెక్కాక 7 మెగాహెర్ట్జ్ తరంగాలు పైన అయనోస్ఫియర్‌కి తగిలి కొన్ని వందల కిలోమీటర్ల లోపల దిగుతాయి. పొద్దుగూకాక దగ్గరివాళ్లు మాయమై దూరంవాళ్లు వినిపిస్తారు. అందుకే మేము పొద్దున్నే రెండు రగ్గులు ముగ్గురం కప్పుకుని డాబా మెట్ల దగ్గర కూర్చుంటాం. వేళ్లు కొంకర్లు పోయి ట్యూనింగ్ నాబ్ తిరగదు. మంచు పది దాకా విడవదు, సోలార్ పలక నుంచి బ్యాటరీ ఎక్కదు. అందుకని ఎక్కువ వింటాం, తక్కువ మాట్లాడతాం. ఇంకో సంగతి, కరెంటు పోతే హాస్టలంతా విసుక్కుంటుంది, మేము సంబరపడతాం. ఛార్జర్లు, బల్బులు చేసే గుర్రుమనే శబ్దం ఆగిపోయి బ్యాండ్ తేటగా అవుతుంది.

అసలు చెప్పాలనుకున్నది డిసెంబర్‌లో ఒక ఆదివారం సంగతి. చాలామంది ఒకేచోట కలిసి మాట్లాడుకుంటున్నారు. అందరివీ పెద్ద సెట్లు, 100 వాట్లవి. మావాడు తన కాల్‌సైన్ చెప్పాడు. ఎవరికీ వినపడలేదు. ఆరేడు సార్లు చెప్పాడు. ప్రతిసారీ ఎవరో ఒకరు పైన మాట్లాడేస్తున్నారు. ఇక కట్టేద్దాం, బ్యాటరీ అయిపోద్ది అనుకుంటుండగా ఒక పెద్దాయన గొంతు వచ్చింది. "ఆగండి, ఆగండి. కింద ఎవరో వీక్ స్టేషన్ ఉన్నారు. అందరూ ఒక్క నిమిషం ఆగండి. ఆ వీక్ స్టేషన్, చెప్పండి."

అంతే. బ్యాండంతా నిశ్శబ్దం. అన్ని పెద్ద సెట్లు మావాడి కోసం ఆగాయి. వాడికి నోరు పెగల్లేదు. మేము మోచేత్తో పొడిస్తే అక్షరం అక్షరం చెప్పాడు. విక్టర్, యూనిఫాం, త్రీ... ఆయన రెండుసార్లు "మళ్లీ చెప్పండి" అన్నారు. మూడోసారి కాల్‌సైన్ మొత్తం తిరిగి మాకే చదివి వినిపించారు. బెంగళూరులో స్థిరపడ్డ తెలుగాయన. "పాడేరా! చలి ఎలా ఉంది బాబూ?" అని అడిగారు.

మీలో చాలామందికి ఇది తెలుసు. క్లాసులో మనం మాట్లాడితే "ఏంటి? మళ్లీ చెప్పు" అంటారు, వెనక బెంచీలో నవ్వు. మావాడి ఇంటి భాష కువి. ఆ నవ్వు తర్వాత వాడు ఏడాది పాటు క్లాసులో చెయ్యెత్తలేదు. అదే "మళ్లీ చెప్పండి" ఆ రోజు వేరేగా వినిపించింది. అందులో తప్పు పట్టడం లేదు, వినాలన్న ఆరాటం ఉంది. ఆ రోజు వాడు టిఫిన్ కూడా మర్చిపోయాడు.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా మూడోవాడి ఊళ్లో సిగ్నల్ లేదు, ఫోను మాట్లాడాలంటే కొండెక్కాలి. సంక్రాంతి ముందు వాళ్ల నానమ్మకి జబ్బు చేస్తే డోలీలో రోడ్డు దాకా మోశారు. వీడికి ఆ కబురు రెండు రోజులకి తెలిసింది. ఇప్పుడు ఆవిడ బాగానే ఉంది. ఆ రాత్రి వాడు సెట్టు వైపు చూసి, "బెంగళూరు పోతాది గానీ మా ఊరు పోదా?" అన్నాడు. మేము ఏం చెప్పలేదు. అక్కడ వినేవాళ్లు లేరు. పైగా మామూలు రోజుల్లో బయటివాళ్ల సందేశాలు మోయడం హ్యామ్‌లకి కుదరదు. విపత్తు వస్తే మాత్రం అదే పని. 2004 డిసెంబర్‌లో రేడియో స్టేషన్ నడపడానికి పోర్ట్ బ్లెయిర్ వెళ్లిన భారతి ప్రసాద్ గారు, 26న సునామీ వచ్చి ఫోన్లు తెగిపోతే, అదే సెట్టుతో అక్కడివాళ్ల క్షేమ సమాచారం బయటికి పంపారు.

టవర్‌కి బదులు రేడియో అని మేము అనడం లేదు. టవర్, రోడ్డు మన హక్కు, అడగడం మానేది లేదు. కానీ వానకి కొండ విరిగి అన్నీ తెగిపోయిన రోజున, ఊళ్లో ఒక సెట్టు, దాన్ని వాడటం తెలిసిన మనిషి ఉంటే తేడా ఉంటుంది. అందుకే మూడోవాడు ఇప్పుడు టీ తేవడం మానేసి చదువుతున్నాడు.

ఆసక్తి ఉన్నవాళ్లకి: 12 ఏళ్లు దాటితే రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ అక్కర్లేదు, రేడియో ప్రాథమిక పాఠాలు, నిబంధనలు చాలు. లైసెన్స్ లేకుండా మైక్ నొక్కొద్దు, అది నేరం. మన ఏజెన్సీలో వైర్‌లెస్ అంటే ముందు అనుమానమే. మా లైసెన్స్ జిరాక్స్ సెట్టు పక్కనే గోడకి అంటించాం. పుస్తకాలు, నోట్సు మా దగ్గర ఉన్నాయి, కామెంట్లో అడగండి. పాడేరు వస్తే ఆదివారం పొద్దున్న డాబా మీదికి రండి. రగ్గు మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

జోహార్. 73. (హ్యామ్ భాషలో 73 అంటే శుభాకాంక్షలు.)