ఆలస్యముగా వినబడిన పది రాగములు

మా కుటుంబము ముంబాయికి వచ్చి మూడు తరములు దాటినది. ఇంటిలో తెలుగు, వీథిలో మరాఠీ, సినిమాహాలులో హిందీ వినుచు పెరిగినవారము. అందుచేత ఒక్క వస్తువునకు రెండు మూడు పేర్లుండుట మాకు వింత కాదు. కాని మేము నివసించు నగరపు వాద్యకారుడొకరు చేసిన రికార్డును నలువది యేండ్ల తరువాత వినవలసి వచ్చుట మాత్రము వింతయే యైనది.

2023 వేసవి సెలవులలో ఒకనాటి సాయంకాలము మా మనుమడు తన ఫోనులో ఏదియో సంగీతము పెట్టెను. క్రింద యంత్రపు తాళము ఒకే తీరున దడదడలాడుచుండెను. పైన స్వరములు ఎడతెగక పరుగెత్తుచుండెను. ఎనుబది నాలుగేండ్ల మా మేనత్తగారు మొదట మొగము చిట్లించిరి. కొంతసేపటికి ఆమె వ్రేళ్లు ఒడిలో కదలసాగినవి. "ఒరే, ఇది మన హిందోళంరా!" అనిరి. "కాదు తాతమ్మా, మాల్కౌన్స్" అనెను, హిందూస్థానీ సంగీతము నేర్చుకొనుచున్న మనుమడు. ఇద్దరును సరిగానే చెప్పిరి. పిదప భూపాలి రాగా, ఆమె మోహన మనిరి. యమన్ రాగా, కల్యాణి యనిరి. భైరవ్ రాగానే "ఇది మా మాయామాళవగౌళ స్వరాలు కదా!" యని నవ్విరి.

ఆ రికార్డు పేరు "సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్". 1982లో గ్రామఫోను కంపెనీ ఆఫ్ ఇండియావారు దానిని వెలువరించిరి. వాయించినవారు చరణ్‌జిత్ సింగ్. ఆయన హిందీ చలనచిత్రముల వాద్యబృందములలో గిటారు, సింథసైజరు వాయించి జీవించినవారు. పాడినవారి పేరును, సంగీత దర్శకుని పేరును లోకము జ్ఞాపకముంచుకొనును. వెనుక వరుసలో కూర్చున్నవాని పేరు ఎవరికి కావలెను? ఆయన జపాను దేశపు రోలాండ్ కంపెనీవారి జూపిటర్-8, టి.బి.-303, టి.ఆర్.-808 అను మూడు యంత్రములను ఒకటిగా కూర్చి పది రాగములు వాయించిరి. నాడు దానిని ఆదరించినవారు అరుదు.

ఆ టి.బి.-303 గతియు అట్టిదే. గిటారు వాయించువారికి తోడుగా మంద్రస్వరము పలికించుటకు దానిని చేసిరి. కొనువారు చాలక 1984లో తయారీ మానివేసిరి. 1987లో షికాగో నగరమందలి ఫ్యూచర్ అను బృందము ఆ యంత్రముతోనే "యాసిడ్ ట్రాక్స్" వెలువరింపగా, యాసిడ్ హౌస్ అను క్రొత్త నాట్యసంగీతము ప్రపంచమంతట వ్యాపించెను. దానికి అయిదేండ్ల ముందే ఇంచుమించు అట్టి నాదము ముంబాయిలో పలికియుండెను.

2002లో ఎడో బౌమన్ అను డచ్చి రసికుడు ఢిల్లీలోని ఒక దుకాణమున ఆ రికార్డును చూచి కొనెను. తరువాత ముంబాయికి వచ్చి చరణ్‌జిత్ సింగ్‌ను కలిసికొని, 2010లో దానిని మరల ముద్రించెను. వృద్ధాప్యమున ఆయన ఐరోపా వేదికలపై ఆ రాగములు వాయించి, 2015లో ముంబాయియందు కన్నుమూసిరి.

ఈ కథ విన్న నాటి రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ 1982లోనే మా తండ్రిగారు ఒక టేపు రికార్డరు కొని, మేనత్తగారి చేత మేలుకొలుపులు, మంగళహారతులు, అప్పగింతల పాటలు పాడించి ఒక క్యాసెట్టు నింపియుండిరి. పాత చాలు విడిచి క్రొత్త ఫ్లాటునకు మారినప్పుడు, వినువారెవరని తలచి, పాత సామానుతోబాటు దానిని మేమే పారవేసితిమి. చరణ్‌జిత్ సింగ్ రికార్డునకు ప్రతులు పెక్కులుండెను. ఒకటి దుకాణపు దుమ్ములో వేచియుండుటచేత బ్రదికినది. మా క్యాసెట్టునకు రెండవ ప్రతి లేదు.

ఈ తప్పును మేనత్తగారితో చెప్పుకొంటిమి. ఆమె కోపింపలేదు. "పోనీలేరా, నేనింకా ఉన్నానుగా" అనిరి. అప్పటినుండి ప్రతి ఆదివారము మా మనుమడు ఫోను ముందుంచుకొని కూర్చుండును, ఆమె పాడుదురు. గొంతు వణకును. అప్పగింతల పాటలో మూడవ చరణము జ్ఞప్తికి రాదు. అచ్చట ఆగి, రాగము మాత్రము తీయుదురు. ఆ ఖాళీని మేము చెరిపివేయుట లేదు. పాడిన పాటను మూడు చోట్ల భద్రపరచుచున్నాము.

పరభాషా ప్రాంతమున స్థిరపడిన మన యిండ్లలో ఇట్టి పెట్టెలింకను ఉండును. పాఠక మహాశయులు ఇల్లు మారు నాడు వానిని ఒక్కసారి తెరచి చూతురు గాక. పాడగలవారింట ఉన్నచో, ఆదివారము దాక ఆగవలసిన పనియు లేదు.