వేల్పూర్ నుంచి ఛత్తా బజార్ దాకా

ఫిబ్రవరి నెలాఖరులో వేల్పూర్‌కు వచ్చేవారికి ఊరు కనబడకముందే దాని వాసన తగులుతుంది. పొలాల్లో తవ్వితీసిన పసుపును ఉడకబెట్టే కాలమది. ఆవిరితో కలిసివచ్చే ఆ ఘాటు దుస్తులకు పట్టుకొని, ఫజ్ర్ నమాజుకు బారులు తీరినప్పుడు పక్కవారి భుజం నుండి కూడా వస్తూనే ఉంటుంది. జూన్‌లో నాటిన విత్తనం ఎనిమిది, తొమ్మిది నెలలు భూమిలో ఉండి ఇప్పుడు వెలికివస్తుంది. అయితే వచ్చిన వెంటనే అది అమ్మకానికి పనికిరాదు. ఉడకాలి, రోజుల తరబడి ఎండలో ఆరాలి, డ్రమ్ములో తిరిగి పైపొట్టు వదిలించుకోవాలి. ఆ తరువాతనే కొమ్ము వేరుగా, మండ వేరుగా బస్తాలకెక్కి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు బయలుదేరుతుంది.

ఈ సంవత్సరం పసుపు బస్తాలతో పాటు మా చెల్లెలి కుమారుడు కూడా ఊరు విడిచాడు. వయస్సు ఇరవై నాలుగేళ్లు. తెలుగులో కథలు వ్రాస్తాడు. కొన్ని పత్రికలలో అచ్చయ్యాయి కూడా. హైదరాబాదు ఛత్తా బజార్‌లోని ఒక ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం దొరికింది. తండ్రి పదిహేడేళ్లుగా గల్ఫ్ దేశంలో ఉన్నందున, అతణ్ణి దిగబెట్టి వచ్చే బాధ్యత మేనమామలమైన మాపై పడింది. ఆ ప్రయాణంలో మేము చూసినవాటినీ, తలపుకు వచ్చినవాటినీ, మా మీద ఉన్న ఒక బాకీ సంగతినీ పాఠకుల ముందుంచడానికే ఈ నాలుగు మాటలు.

ఒక నోటు పుస్తకం

బాకీ సంగతి ముందుగా చెప్పడం న్యాయం. పన్నెండేళ్ల క్రితం ఈ కుర్రవాడు పగలు ప్రభుత్వ పాఠశాలలో చదువుకుంటూ సాయంత్రం మా మదరసాకు వచ్చేవాడు. ఒకనాడు తజ్వీద్ పాఠం జరుగుతుండగా ఒడిలో నోటు పుస్తకం దాచుకొని ఏదో వ్రాస్తూ మా కంటబడ్డాడు. తీసి చూస్తే కథలు. ‘జరగనిది జరిగినట్లు వ్రాయడం అబద్ధం కాదా?’ అని తరగతి అంతటి ముందు నిలబెట్టి అడిగాము. తల వంచుకున్నాడు. పుస్తకం మా ట్రంకు పెట్టెలో చేరింది. అతడు తిరిగి అడగలేదు, మేము ఇవ్వలేదు. వ్రాయడం మానలేదు గానీ, ఆనాటి నుండి తాను వ్రాసినదేదీ మాకు చూపలేదు.

గడచిన రంజాన్ మాసంలో పెట్టె సర్దుతుండగా ఆ పుస్తకం బయటపడింది. తరావీహ్ ముగించుకొని వచ్చి చదవసాగాము. మొదటి కథ బీడీలు చుట్టే ఒక తల్లిని గురించినది. శుక్రవారం పరదేశం నుండి భర్త ఫోను వస్తుంది. ఫోను మ్రోగగానే ఆ తల్లి ఒడిలోని చాట పక్కకు నెట్టి, చేతులకంటిన తంబాకును కొంగుతో శుభ్రంగా తుడుచుకొని, అప్పుడు గానీ ఫోను ఎత్తదు. అంత దూరాన ఉన్న మనిషికి వాసన తెలియదని పిల్లవాడికి తెలుసు. తల్లికీ తెలుసు. అయినా ప్రతి వారమూ తుడుచుకుంటుంది. కథ అంతే.

మా చెల్లెలు బీడీలు చుడుతుంది. ఆమె ఇల్లు మా వీధిలోనే. వారంలో కనీసం రెండుసార్లు ఆ గడపలో కూర్చునే మేము ఆమె చేతులు తుడుచుకోవడం ఎన్నడూ గమనించలేదు. పన్నెండేళ్ల బాలుడు గమనించాడు. దానిని మేము అబద్ధమన్నాము.

హదీసు విద్యలో మాకు గురువులు నేర్పినది, అనని మాటను ఒకరికి అంటగట్టడం ఘోరమైన పాపమని. కథకుడు చేసే పని అది కాదు. ఇది కథ అని ముందే చెప్పి మొదలుపెడతాడు గనుక వినేవాడు మోసపోడు. దివ్య ఖుర్ఆన్‌లో ఉపమానాలు ఎన్ని లేవు! వాస్తవ వృత్తాంతమూ కల్పనా ఒకటేనని మేము అనడం లేదు. అబద్ధానికీ కథకూ మధ్య ఉన్న తేడాను పిల్లవాడికి విడమరచి చెప్పవలసిన స్థానంలో ఉండి, తరగతిలో నిశ్శబ్దం కోసం ఆ తేడాను మేమే చెరిపివేశామని మాత్రం ఒప్పుకుంటున్నాము. ప్రయాణం నాడు ఆ నోటు పుస్తకాన్ని జానమాజ్‌లో చుట్టి మా సంచిలో పెట్టుకున్నాము.

బడి గంట మ్రోగిన సంవత్సరం

ఆర్మూర్ బస్సు కోసం నిలబడినప్పుడు పాఠశాల పిల్లలు గుంపులుగా వెళ్తున్నారు. ఈ దృశ్యం మా ఊరికి ఎల్లప్పుడూ ఉన్నది కాదు. చేసిన అప్పుకు బదులుగా పిల్లవాణ్ణి ఆసామి వద్ద పనికి కుదిర్చే ఆచారాన్ని మేము కళ్లారా చూశాము. పశువుల వెంట కొందరు, పొలాల్లో కొందరు, బీడీల చాటల ముందు ఆడపిల్లలు. 2001లో జిల్లా అధికారులు, గ్రామపెద్దలు, తల్లిదండ్రులు కలిసి పట్టుబట్టి పిల్లలందరినీ బడిలో చేర్పించారు. ఆ అప్పులను యజమానులు వదులుకున్నారు. ఆ సంవత్సరం అక్టోబరు 2న వేల్పూర్ బాలకార్మికులు లేని మండలంగా ప్రకటించబడింది. మా మేనల్లుడు అప్పటికి తల్లి ఒడిలో ఉన్నాడు. పదేళ్లు ముందు పుట్టి ఉంటే అతని చేతికి కలం అందేదో, కత్తెర అందేదో అల్లాహ్‌కే తెలుసు.

ఖిల్లా క్రింద

ఆర్మూర్ నుండి నేరుగా హైదరాబాదు బస్సు ఎక్కవచ్చు. అయినా మేము సిద్ధులగుట్ట నల్లని బండరాళ్లను వెనుక వదిలి, అంకాపూర్ మీదుగా నిజామాబాద్‌కు చేరాము. అక్కడి ఖిల్లాను అతనికి చూపాలని మా కోరిక.

ఆ కొండమీది కోటలో నిజాం పాలన చివరి రోజులలో జైలు ఉండేది. యువకవి దాశరథి కృష్ణమాచార్యుల వారిని అక్కడ బంధించారు. కాగితం దొరకని చోట ఆయన గోడల మీద బొగ్గుతో పద్యాలు వ్రాశారన్నది ప్రసిద్ధం. అదే జైలులో ఆయనకు తోడుగా ఉన్నవారు వట్టికోట ఆళ్వారుస్వామి. మా వాడు తెలుసుకోవలసింది ముఖ్యంగా ఈ రెండవవారి జీవితం.

ఆళ్వారుస్వామి 1915లో నల్లగొండ ప్రాంతంలోని చెరువు మాదారంలో జన్మించారు. చిన్ననాడే తండ్రిని కోల్పోయారు. ఇతరుల ఇళ్లలో వంట చేసి, హోటలులో పని చేసి పొట్ట పోసుకున్నారు. చదువు పనిలో పనిగా సంపాదించుకున్నదే. ఆ తరువాత నగరానికి చేరి, సురవరం ప్రతాపరెడ్డి గారి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, అచ్చువేసిన పుస్తకాలను తానే మోసుకొని ఊరూరా తిరిగి అమ్మారు. ‘ప్రజల మనిషి’ నవల, జైలులో కలిసిన ఖైదీలను గురించిన ‘జైలు లోపల’ కథలు ఆయన వ్రాసినవే. 1961లో, యాభై ఏళ్లైనా నిండకముందే మరణించారు.

“మామూ, ఆయన కూడా ప్రూఫులు దిద్దారా?” అని మా వాడు రెండుసార్లు అడిగాడు. తన ఉద్యోగం రచయితకు తగినది కాదని అతనిలో ఒక బాధ ఉన్నట్లు ఆ ప్రశ్నతో గాని మాకు తెలియలేదు.

ఖిల్లా వైపు చూస్తూ మరొక సంగతి కూడా చెప్పాము. నిజాం పాలనను ఎదిరించి జైలు కెళ్లిన దాశరథి గారే తరువాత మీర్జా గాలిబ్ ఉర్దూ గజళ్లను ‘గాలిబ్ గీతాలు’ పేరిట తెలుగులోనికి తెచ్చారు. పాలకునిపై ఉన్న ఆగ్రహాన్ని ఆయన భాషపైకి పోనివ్వలేదు. ఇంట ఉర్దూ మాట్లాడుతూ తెలుగులో వ్రాసే మా వాడి వంటి పిల్లలకు ఇది గుర్తుంచుకోదగిన విషయం. అతణ్ణి ఇరువైపుల వారూ ‘నీవు ఎవరివి?’ అని అడుగుతూనే ఉంటారు.

బస్సులో ఒక ప్రశ్న

నిజామాబాద్ నుండి హైదరాబాదు సుమారు 175 కిలోమీటర్లు. కామారెడ్డి దాటేవరకు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నవాడు ఉన్నట్టుండి అన్నాడు: “అక్కడికి వెళ్లాక ఏమి వ్రాయాలి మామూ? వేల్పూర్ కళ్లెదుట ఉండదు. హైదరాబాదు నాకు తెలియదు.”

ఊరు మారే ప్రతి కథకుణ్ణీ పీడించే భయమిది. ప్రేమ్‌చంద్ గారు 1934లో బెనారసు విడిచి బొంబాయి సినిమా సంస్థలో కథలు వ్రాయడానికి వెళ్లారు. ఆ నగరం ఆయనకు పొసగలేదు. మరుసటి సంవత్సరమే తిరిగివచ్చారు. ‘గోదాన్’ 1936లో వెలువడింది, అదే సంవత్సరం ఆయన కన్నుమూశారు. తిరిగి రావడం ఓటమి కాదని ఆయన జీవితం చెబుతున్నది.

మరొక ఉదాహరణ మన హైదరాబాదుదే. జీలానీ బానో గారు 1936లో ఉత్తరప్రదేశ్‌లోని బదాయూన్‌లో జన్మించారు. తండ్రి హైరత్ బదాయూనీ కవి. కుటుంబం హైదరాబాదుకు తరలివచ్చింది. పరాయి ప్రాంతం నుండి వచ్చిన ఆమె హవేలీల జీవితాన్ని ‘ఐవాన్-ఎ-గజల్’లో చిత్రించారు. అంతటితో ఆగక, తెలంగాణ పల్లెలలో వెట్టికి, అప్పుకు నలిగిన రైతు కుటుంబాల గోడును ‘బారిష్-ఎ-సంగ్’ నవలగా వ్రాశారు. ‘నర్సయ్యా కీ బావ్డీ’ అనే ఆమె కథ ఒక హిందీ చలనచిత్రానికి ఆధారాలలో ఒకటైంది. 2001లో పద్మశ్రీ లభించింది. బదాయూన్ ఆడపడుచు నర్సయ్య బావిని గురించి ఉర్దూలో వ్రాయగలిగినప్పుడు, వేల్పూర్ పిల్లవాడు ఛత్తా బజార్‌ను గురించి తెలుగులో వ్రాయలేడా? చుట్టూ ఉన్నవారి కష్టాన్ని వినే చెవి ఉంటే, కొత్త ఊరు ఎంతకాలం కొత్తగా ఉంటుంది?

మా జవాబు అతణ్ణి పూర్తిగా తృప్తిపరచలేదు. “ఆమె వెంట ఇల్లంతా వచ్చింది కదా” అని మాత్రం అన్నాడు. ఆ మాటకు మా వద్ద జవాబు లేకపోయింది.

కిటికీ లేని గది

జూబ్లీ బస్టాండులో దిగి పాతబస్తీకి చేరేసరికి అస్ర్ వేళ అయింది. ఛత్తా బజార్ ముద్రణాలయాల వీధి. పెళ్లి పత్రికలు, రసీదు పుస్తకాలు, గోడపత్రికలు. ఒకప్పుడు కాతిబులు వరుసగా కూర్చొని కలంతో నస్తలీఖ్ అక్షరాలు దిద్దిన చోట నేడు కంప్యూటర్లు ఉన్నాయి. సిరా వాసన మాత్రం పోలేదు. మా వాడు ఊపిరి గట్టిగా పీల్చి, “పసుపు వాసన కంటే ఘాటు” అన్నాడు.

గది కోసం అయిదు ఇళ్ల తలుపులు తట్టాము. పెళ్లికాని కుర్రవాళ్లకు ఇవ్వమని మూడు చోట్ల అన్నారు. ఒక చోట అడిగిన అడ్వాన్సు మా సంచిలో లేదు. చివరకు మరి ఇద్దరు పనివాళ్లతో కలిసి ఒక మేడమీది గది కుదిరింది. దానికి కిటికీ లేదు. జీతం 15,000 రూపాయలు. అద్దెలో తన వంతు, భోజనం, తల్లికి పంపే 4,000 తీసివేస్తే ఎంత మిగులుతుందో అక్కడే మెట్ల మీద కూర్చొని వేళ్లపై లెక్కించాడు. రోజుకు పది గంటల పని. వ్రాయడానికి మిగిలేది ఇషా నమాజు తరువాతి సమయమే. అప్పుడు గదిలో మరి ఇద్దరు నిద్రపోతుంటారు. దీపం వేయడానికి వారి అనుమతి కావాలి. మన పిల్లలు పట్నంలో కథలు వ్రాస్తున్నారని విన్నప్పుడు పాఠకులు ఈ దీపాన్ని కూడా తలచుకోవాలి.

రాత్రి విడిపోయే ముందు, దైవప్రవక్త (స) వారు వలసను గురించి చేసిన బోధను అతనికి గుర్తుచేశాము. కర్మలు సంకల్పాన్ని బట్టి ఉంటాయని చెబుతూ ఆయన ఎన్నుకున్న ఉదాహరణ ఊరు విడిచి వెళ్లే మనిషిదే. ఎవరు దేని కోసం బయలుదేరారో, వారికి దక్కేది అదే. ఆ తరువాత సంచిలోని జానమాజ్ విప్పి నోటు పుస్తకం అతని చేతికిచ్చాము. “ఇది నీ అమానతు. పన్నెండేళ్లు ఆలస్యమైంది. తప్పు మాది” అన్నాము. ముప్పై ఏళ్ల బోధనలో శిష్యునితో ఆ మాట అనడం అదే మొదటిసారి. మా గొంతు సరిగ్గా పలకలేదు.

అట్ట తడిమి చూసి, రెండు పేజీలు త్రిప్పి, తిరిగి మా చేతిలోనే పెట్టాడు. “ఇందులోని కథలు నాకు గుర్తున్నాయి మామూ. అమ్మీకి తెలుగు చదవడం రాదు. మీరు చదివి వినిపించండి.”

చాట ముందు

మరునాటి సాయంత్రం చెల్లెలి ఇంటికి వెళ్లాము. గదికి గాలి వస్తుందా అని మొదట అడిగింది. వస్తుందని అనలేకపోయాము. స్నేహితులు మంచివారని చెప్పాము. ఆమె చాట ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. మేము నోటు పుస్తకం తెరచి, ఒక్కొక్క వాక్యం చదువుతూ ఉర్దూలో అర్థం చెప్పసాగాము. ఫోను మ్రోగే చోటు వచ్చినప్పుడు ఆమె చేతులు ఆగిపోయాయి. కొంగు వైపు ఒకసారి చూసుకుంది.

“వాడు చూశాడా భాయిజాన్?” అన్నది.

కొంతసేపటికి మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. పాతిక బీడీల కట్ట కట్టబోయి, ఎన్ని అయ్యాయో మరచి, విప్పి మొదటి నుండి లెక్కపెట్టింది. తరువాతి కథ చదవమన్నది.