లైన్ అకౌంటు

3 మే 2025, శనివారం

కంచికచర్లలో పత్రికా స్వేచ్ఛా దినోత్సవం. శాలువాలు, దండలు, పులిహోర పొట్లాలు. మైకు పట్టుకున్న ప్రతివాళ్ళూ ‘నాలుగో స్తంభం’ అన్నారు. మే 3 ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక్కరూ చెప్పలేదు. 1991లో ఇదే రోజున నమీబియా రాజధాని విండ్‌హుక్‌లో ఆఫ్రికా పాత్రికేయులు కూర్చుని, సర్కారు చెప్పుచేతల్లో లేని పత్రికలు కావాలని ప్రకటన రాశారు. రెండేళ్ళకు ఐక్యరాజ్యసమితి ఆ తేదీనే ఖాయం చేసింది.

రాత్రి గాబరోన్ నుంచి పిన్ని కొడుకు ఫోను. బోట్స్వానాలో అకౌంటెంటు వాడు. సభ సంగతి చెబితే నవ్వాడు. “అన్నా, ఇక్కడ మీసా అని ఒక సంస్థ ఉంది. విలేకరిని ఎవడన్నా కొట్టినా, పోలీసులు లాక్కెళ్ళినా, పేరూ ఊరూ తేదీ వేసి వెంటనే అందరికీ పంపేస్తారు. మీ సంఘం ఏం చేస్తది?”

శాలువా కప్పుద్దిరా, అన్నాను.

9 జూన్, సోమవారం

లైన్ అకౌంటు పంపే రోజు. నెలంతా అచ్చయిన నా వార్తలు కత్తిరించి, తెల్లకాగితాల మీద అంటించి, పక్కన లైన్లు లెక్కేసి రాయాలి. లైనుకింత అని డబ్బులు. హెడ్డింగు లెక్కలోకి రాదు. దోనబండ టిప్పర్ల దుమ్ము మీద రాసిన వార్త పెద్దదే, డెస్కులో కోసి కోసి పదకొండు లైన్లు చేశారు. ఆ పదకొండు లైన్లకే ఫోనొచ్చింది: “ఏవయ్యా విలేకరీ, రాత్రిపూట బండి మీద ఒక్కడివే తిరుగుతావంట గదా?” తిట్టలేదు, అరవలేదు. అంతే అడిగి పెట్టేశాడు. ఎవరికి చెప్పాలి? డెస్కువాళ్ళకు చెబితే జాగ్రత్తగా ఉండమంటారు. స్టేషనుకెళితే, ఫోన్లో బెదిరించిందేముంది అంటారు.

కటింగులు అంటిస్తుండగానే టీవీలో వార్త. హైదరాబాద్‌లో టీవీ చర్చలు నడిపే పాత్రికేయుడు కొమ్మినేని శ్రీనివాసరావు గారిని మన పోలీసులు అరెస్టు చేశారు. ఆయన నడిపిన చర్చలో ఒక అతిథి అమరావతి ఆడవాళ్ళ గురించి అన్న మాటలకు కేసు. ఆ మాటలు నీచం, రెండో మాట లేదు. కానీ అన్నవాడొకడు, చర్చ నడిపినవాడొకడు.

టీ కొట్టు దగ్గర చప్పట్లు కొట్టేవాళ్ళు కొందరు, మండిపడేవాళ్ళు కొందరు. 2021 మేలో టీవీ5, ఏబీఎన్‌ల మీద రాజద్రోహం కేసు పెట్టినప్పుడూ ఇదే కొట్టు, ఇవే మొహాలు. అప్పుడు మండిపడ్డవాళ్ళు ఇవాళ చప్పట్లు కొడుతున్నారు, అంతే తేడా. 2007లో 938 జీవో, 2019లో 2430 జీవో. పత్రికల మీద కేసులు పెట్టే అధికారం అధికార్లకు కట్టబెట్టినవే రెండూ. ప్రతిపక్షంలో ఉన్నన్నాళ్ళూ అందరికీ పత్రికా స్వేచ్ఛ ముద్దే.

14 జూన్, శనివారం

నిన్న సుప్రీంకోర్టు కొమ్మినేని గారిని విడుదల చేయమంది. సంతోషం. పేరున్న మనిషికి ఢిల్లీ దాకా వకీళ్ళు దొరికారు. నాలాంటి కంట్రిబ్యూటరుకు నందిగామ కోర్టులో నాలుగు వాయిదాలు తిరిగితే చాలు, వార్త మానేసి ఇన్సూరెన్సు పాలసీలు కట్టించుకుంటాడు. మనోడొకడు అదే చేశాడు. వాడి మీద కేసు కొట్టేశారు కూడా.

22 ఆగస్టు, శుక్రవారం

షోయబుల్లా ఖాన్‌ను చంపిన రోజు. 1948. ‘ఇమ్రోజ్’ సంపాదకుడు, హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలవాలని రాసినందుకు రజాకార్లు చేతులు నరికి చంపారు.

అది హైదరాబాదు కథ అనుకుంటారు మావాళ్ళు. మా పరిటాలా నిజాం ఇలాకాయే. చుట్టూ ఇంగ్లీషువాళ్ళ కృష్ణా జిల్లా, నడుమ ఈ కొద్ది ఊళ్ళ జాగీరు. సంస్థానంలో సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 ప్రకారం ముందు సర్కారు అనుమతి కావాలి. పొలిమేర దాటితే మద్రాసు చట్టం. అవతలేమీ స్వర్గం కాదు. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’లో తిరునల్వేలి కాల్పుల మీద రాసినందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావును రాజద్రోహం కింద జైల్లో వేశారు. 2021లో వాడిందీ ఆ 124ఎ సెక్షనే.

19 అక్టోబరు, ఆదివారం

రేపు దీపావళి. పేపర్ నిండా ప్రకటనలే, వార్తకు చోటు లేదు. నా ప్రకటనల టార్గెట్టు ఇంకా సగమే అయింది. ఎవరి మీద వార్త రాయాలో వాళ్ళ దగ్గరికే ప్రకటన అడగడానికి పోవాలి. నోరు నొక్కడానికి చట్టమే అక్కర్లేదు.

చట్టంతో నొక్కినవాళ్ళూ ఉన్నారు. దక్షిణాఫ్రికాలో ఈ తేదీని నల్ల బుధవారం అంటారు. 1977లో నల్లజాతి నాయకుడు స్టీవ్ బీకో పోలీసు కస్టడీలో చనిపోయిన నెల రోజులకు ‘ద వరల్డ్’ పత్రికను మూసేసి, సంపాదకుడు పెర్సీ కొబోజాను పట్టుకెళ్ళారు. జింబాబ్వేలో పద్ధతి వేరు. 2002లో పత్రికలు రిజిస్టరు చేసుకోవాలని చట్టం తెచ్చారు, మరుసటేడు ఆ వంకతోనే ‘డైలీ న్యూస్’కు తాళం వేశారు. అంతకుముందు దాని ప్రెస్సును బాంబుతో పేల్చినా ఆగలేదు, కాగితంతో ఆగింది. మీసా ఇలాంటివన్నీ దేశాలవారీగా రాసి ఏటా పుస్తకం వేసేది. పేరు, ‘ఇదేనా ప్రజాస్వామ్యం?’ అనే అర్థం వచ్చే ప్రశ్న.

కంచికచర్లలో 1968లో కోటేశు అనే దళిత యువకుణ్ణి కట్టేసి తగలబెట్టిన సంగతి దేశమంతా తెలిసిందంటే ఎవరో ఇక్కణ్ణుంచి రాయబట్టే. ఆ రాసినవాళ్ళకు ఎన్ని ఫోన్లొచ్చాయో, ఎన్ని రాళ్ళు పడ్డాయో మాత్రం ఎక్కడా లేదు.

ఈ నోటుబుక్కులో వెనక నుంచి పది పేజీలకు గీతలు కొట్టాను. తేదీ, ఊరు, ఏ వార్త, ఏం బెదిరింపు, ఎవరికి చెప్పాం, వాళ్ళేం చేశారు. మొదటి వరస దోనబండ ఫోనుది. నందిగామ, జగ్గయ్యపేట విలేకరి తమ్ముళ్ళకు ఇవాళే మెసేజి పెట్టాను: చిన్నదైనా పెద్దదైనా, ఏ పార్టీవాడు చేసినా, మీకు జరిగింది నాకు పంపండి. శాలువాల సభకు వచ్చే ఏడు ఆ పేజీలు చదువుదాం.