అత్తగారి కోసం గుడ్డు లేని కేకు

మా అత్తగారు గుడ్డు ముట్టరు. మామగారికి తీపి తగ్గించాలి. చిన్నదానికి జీడిపప్పు పడదు. ఇంట్లో ఎవరి పుట్టినరోజు వచ్చినా ఈ మూడూ తలుచుకుంటూ మైదా జల్లించడం మొదలుపెడతాను. నాకు పండగ అక్కడే మొదలవుతుంది. బజారు కేకులంటే చిన్నచూపేమీ లేదు, ఆ క్రీము గులాబీలు తీర్చాలంటే గొప్ప పనితనం కావాలి. కానీ ఆ కేకు మీద పేరు చివర్లో రాస్తారు. ఇంటి కేకులో ఆ మనిషి మొదటి గరిటె పిండి నుంచే ఉంటారు.

బేకింగ్ పౌడర్ పుట్టిందే అలా. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన మందుల దుకాణం నడిపేవాడు. ఆయన భార్యకు గుడ్లూ పడవు, ఈస్టూ పడదు. ఆమె తినగలిగేలా 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడి, 1843లో ఈస్టు లేకుండా రొట్టెను పొంగించే పొడి తయారుచేశాడు. భార్య కంచం గురించి ఒక భర్త ఆలోచించడం వల్ల వచ్చిన పొడి అని తెలిసినప్పటి నుంచి మా వంటింటి అరలోని ఆ చిన్న డబ్బా అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

అలాగని పొంగడమంతా ఆ పొడి చలవే కాదు. వెన్న, చక్కెర కలిపి గిలకొడుతుంటే చక్కెర పలుకుల అంచులు వెన్నలోకి గాలిని ఎక్కిస్తాయి. పచ్చగా ఉన్న వెన్న క్రమంగా తెల్లబడి గుల్లగా తయారవుతుంది. పౌడరు కొత్తగా బుడగలను పుట్టించదు, అప్పటికే పిండిలో చిక్కుకున్న వాటిని ఉబ్బిస్తుంది, అంతే. కాబట్టి కేకు మెత్తదనంలో చాలా భాగం చేతి ఓపికది. ఈ సంగతి చదివాక గిలకొట్టడం నాకు ఎప్పుడూ విసుగనిపించలేదు. అత్తగారి కేకులో గుడ్డుకు బదులు పుల్లటి పెరుగు వేస్తాను. ఆ పులుపు వంటసోడాకు తగలగానే గ్యాసు పుడుతుంది, ఇక ఆలస్యం పనికిరాదు. మైదా పడ్డాక ఎక్కువసేపు తిప్పినా జిగురు సాగి కేకు గట్టిబడుతుంది. మామగారి కోసం చక్కెర తగ్గిస్తే రంగు తక్కువ వస్తుంది, కేకు త్వరగా పొడిబారుతుంది. అందుకే ఆయన కేకు ఆ రోజే తినేయాలి.

ఓవెన్ లేదని కేకు మానుకున్న తెలుగిల్లాలు నాకు తెలిసి ఎవరూ లేరు. ప్రెషర్ కుక్కర్‌లో అడుగున ఇసుకో ఉప్పో పరిచి, గాస్కెట్, వెయిట్ తీసేసి, చుక్క నీరు పోయకుండా సన్నని సెగ మీద కాల్చేవారు. కట్టెల పొయ్యి రోజుల్లో కోస్తా ఇళ్లలో మినపరొట్టెను కిందా పైనా నిప్పులు పెట్టి ఎర్రగా కాల్చిన చేతులకు ఈ విద్య ఒకరు నేర్పాలా! ఉడికిందో లేదో చూడటానికి కడిగిన చీపురుపుల్ల గుచ్చడం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. తడి అంటకుండా పుల్ల పైకి రావాలి. సమయం కాకముందే తొందరపడి మూత తీయకూడదు, లోపల ఇంకా గట్టిపడని కేకు కుంగిపోతుంది.

హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో డిసెంబరు వస్తే కొన్ని బేకరీలకు కుటుంబాలు తమ దినుసులు తామే తీసుకెళ్తాయి. రోజుల ముందే నానబెట్టిన ఎండుద్రాక్ష, టూటీ ఫ్రూటీ, ఇంటి మసాలా పొడి, గుడ్లు, వెన్న అన్నీ వాళ్లవే. బేకరీది భట్టీ, కూలీ మాత్రమే. ఎవరి టిన్ను మీద వాళ్ల పేరు చీటీ. అమ్మమ్మ లెక్క ప్రకారం ఎంత దాల్చినచెక్క పడాలో అంతే పడాలి, పక్కింటివాళ్ల టిన్ను ఎంత బాగా పొంగినా సరే. క్రిస్మస్ నాడు ఆ ముక్కలే పిండివంటలతో పాటు పళ్లెంలో సర్దుకుని ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్తాయి. ఒక్క కేకు ఎన్ని వాకిళ్లు తిరుగుతుందో చూస్తుంటే నాకు ముచ్చటేస్తుంది.

మా ఇంట్లో వాసన వంటగది దాటగానే అత్తగారు పూజగదిలోంచి, "అమ్మాయ్, అడుగంటుతోందేమో చూడు" అంటారు. అడుగంటదని ఆవిడకూ తెలుసు. చిన్నది గిన్నె అంచు నాకుతూ నిలబడుతుంది. వచ్చే నెల మామగారి పుట్టినరోజు. ఆయన ఇప్పటినుంచే బేరం మొదలుపెట్టారు: "ఈసారి ఇంకో రెండు చెంచాల చక్కెర వెయ్యమ్మా, డాక్టరుగారికి నేను చెప్పుకుంటాను."